మొసలి గొడుగుకి చిల్లు

నేను చేసిన నేరమేమిటో ముందే చెప్పేస్తాను. ఇంకొకళ్ళ నోటి నుంచి వింటే ఇంకా ఘోరంగా ఉంటుంది. మా అమ్మాయి ప్రాణంలా చూసుకునే ఆటకార్డుకి నేను లామినేషన్ చేశాను. చేసి ఊరుకున్నా బాగుండేది. నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించాను. పైన మధ్యలో చిల్లు కొట్టాను. ఆ చిల్లులోంచి నీలం తాడు దూర్చి, మెడలో వేసుకోవడానికి వీలుగా కొక్కెం కూడా తగిలించాను.

నాది జిరాక్స్ షాపు. పదహారేళ్ళుగా అదే పని. జనం కాగితాలు తెస్తారు, నేను వాటిని చావు లేకుండా చేసి పంపిస్తాను. చిన్న సైజు కార్డు ఏది చేతికొచ్చినా మూలలు, చిల్లు, తాడు, ఈ మూడూ నా చేతులు నన్నడక్కుండానే చేసేస్తాయి. ఆ రోజు పొద్దున్న భోజనాల బల్ల మీద ఆ కార్డు కనిపించింది. ఒక అంచు కొద్దిగా నలిగి ఉంది. దాని మీద గొడుగు పట్టుకుని వెనక్కాళ్ళ మీద నిలబడ్డ మొసలి బొమ్మ. పిల్ల మురిసిపోతుంది కదా అని జేబులో వేసుకెళ్ళాను. చిల్లు సరిగ్గా మొసలి గొడుగు మధ్యలో పడింది. పడ్డప్పుడు నాకేమీ అనిపించలేదు. పైగా నడిమధ్యకి వచ్చిందని సంతోషించాను కూడా.

సాయంత్రం బడి నుంచి రాగానే దాని మెడలో వేశాను. తల దించి చూసుకుంది. వెనక్కి తిప్పి చూసింది. వంచి చూసింది, వంగలేదు. లోపలికెళ్ళి తన కార్డుల కట్ట తెచ్చి అందులో దూర్చింది. నాలుగు వైపులా బయటికి పొడుచుకొచ్చింది. అప్పుడు అరిచింది. ఎదురింటివాళ్ళు గ్యాస్ సిలిండర్ పేలిందేమోనని వీధిలోకి పరిగెత్తారు.

"తీసెయ్! ఇది తీసెయ్!"

"ఊడదమ్మా," అన్నాను, కొంచెం గర్వంగానే. "ఎంత లాగినా ఊడదు. నీళ్ళలో నానబెట్టినా ఊడదు."

పదేళ్ళ పిల్లకి అంత కోపం ఎక్కడినుంచి వచ్చిందని అడక్కండి. నా ముక్కు మీద ఉండేదే దానికీ వచ్చింది. గదిలోకి పోయి, ఆట నియమాల పుస్తకం పట్టుకుని బయటికొచ్చింది. నావైపు చూడలేదు. వాళ్ళమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, ఆయన కుప్పలోకి వెళ్ళిపోయాడు."

ఆయన అంటే నేను. ఆ నిమిషం ముందు దాకా నాన్నని.

కుప్ప అంటే ఏమిటో చెప్పాలంటే ఆట సంగతి చెప్పాలి. దాని పేరు 'కోరలు-కొమ్ములు'. ఒక్కొక్కరికి నలభై ముక్కల కట్ట ఉంటుంది. పది ప్రాణాలుంటాయి. వంతుకొక జంతువుని బల్ల మీదికి దింపుతారు, దింపిన జంతువులతో ఎదుటివాడి మీద దాడి చేస్తారు. దాడి చేసిన జంతువు అలసిపోయి అడ్డంగా పడుకుంటుంది, మళ్ళీ తన యజమాని వంతు వచ్చేదాకా లేవదు. నిలబడి ఉన్న జంతువు దాడికి అడ్డుపడగలదు, పడుకున్నది పడలేదు. చచ్చిన జంతువు పక్కనున్న కుప్పలోకి పోతుంది. కుప్పలోకి పోయినదాన్ని తాకకూడదు, పిలవకూడదు, అది ఉన్నట్టు లెక్కలోకి తీసుకోకూడదు. అదీ సంగతి.

మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనానికి సూదులు గుచ్చే మనిషి. ఎదుటివాడు విలవిల్లాడుతుంటే 'అయిపోయింది, అయిపోయింది' అంటూ ఇంకొంచెం లోపలికి దింపుతుంది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నియమాల పుస్తకం తెరిచింది.

"పిల్ల చెప్పింది నిజమేనండీ. పదకొండో పేజీ. కుప్పలో ఉన్నవాళ్ళతో మాట్లాడకూడదట."

"అది జంతువుల గురించి రాశారు!"

"మీరు చేసింది మాత్రం మనుషులు చేసే పనేనా?"

అంతే, తీర్పు అయిపోయింది. నా కుర్చీ చెప్పుల స్టాండు పక్కకి వెళ్ళిపోయింది. కుప్పకి హద్దులు ఉండాలని మా అమ్మాయి నేల మీద గీత వేసింది. ఆ గీత కూడా మా షాపు నుంచి తెచ్చిన గోధుమరంగు టేపుతోనే. నా టేపుతో నన్నే కట్టేశారన్నమాట. భోజనాల దగ్గర "అమ్మా, కుప్పలో ఉన్నాయనకి మంచినీళ్ళు కావాలేమో కనుక్కో" అనేది. మూడో రోజు మా ఆవిడ, "కుప్పలో ఉన్నవాళ్ళకి టీవీ రిమోట్ ఉండదండీ, పన్నెండో పేజీ," అని నా చేతిలోంచి లాక్కుంది. తర్వాత చూస్తే పన్నెండో పేజీలో నత్త బొమ్మ తప్ప ఏమీ లేదు.

నవ్వులాటగా చెప్తున్నాను కానీ, నాలుగో రోజు పొద్దున్న షాపు షట్టర్ ఎత్తుతూ నేను ఏడ్చాను. పోయింది ఒక అట్టముక్క అని నాకు నేను సర్దిచెప్పుకుందామంటే కుదరలేదు. ఆ పిల్ల ఈ ఆట మొదలుపెట్టి ఏడాదైంది. "నాతో ఒక్క ఆట ఆడు నాన్నా" అని అడగని రోజు లేదు. "ఈ పుస్తకం బైండింగ్ అయిపోనీ," అనేవాణ్ణి. లోకంలో పుస్తకాలు ఎప్పటికైనా అయిపోతాయా? ఒక్కసారి కూర్చుని ఆడి ఉంటే ఆ కార్డు మెడలో వేలాడదీసేది కాదని నాకు తెలిసేది. నాకు మళ్ళీ నాన్నా అని పిలిపించుకోవాలనిపించింది. ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

మా వీధి చివర గడియారాలు బాగుచేసే పెద్దాయన షాపుంది. గడియారాలు పెట్టుకునేవాళ్ళే తగ్గిపోయాక సగం షాపులో బల్లలు వేసి పిల్లల ఆటకి ఇచ్చేశాడు. ఎడమవైపు ఆగిపోయిన గడియారాలు, కుడివైపు ఆగని పిల్లలు. తగువులు తీర్చేది ఆయనే కాబట్టి పిల్లలు ఆయన్ని జడ్జిగారంటారు. నేను వెళ్ళి తాడుతో సహా మొసలిని ఆయన ముందు పెట్టాను. ఆయన నుదుటి మీదున్న భూతద్దాన్ని కంటి మీదికి దించుకుని చాలాసేపు చూశాడు.

"ఎవరు చేశారిది?"

"నేనేనండీ."

"పని మాత్రం శుభ్రంగా ఉంది," అన్నాడు. పనివాడి కష్టం పనివాడికే తెలుస్తుంది. "ఊడదా?"

"ఊడదండీ."

"తెలుసు. నా షాపు లైసెన్సు కూడా మీరే చేశారు. ఎవరో అధికారి వచ్చి దాని మీద సంతకం పెట్టబోతే సిరా జారిపోయింది."

అలాంటి మొసలి ఇంకొకటి ఇమ్మని అడిగాను. అద్దాలబీరువాలో ఒకే ఒక్కటి ఉందట. అది అమ్మకానికి కాదట. నెలకోసారి ఆదివారం కప్పు పోటీ జరుగుతుంది. గెలిచినవాళ్ళు ఆ బీరువాలోంచి తమకి నచ్చిన కార్డు ఒకటి ఏరుకోవచ్చు. కప్పుకి ఇంకా మూడు వారాలుంది. వయసు పట్టింపు లేదు కానీ, కొత్తవాళ్ళు ముందు చిన్నబల్ల దగ్గర నేర్చుకోవాలి.

"మీకు ఆడటం వచ్చా?" అన్నాడు.

"పిల్లలాటే కదండీ."

ఆయన భూతద్దం తీయకుండానే తలెత్తి నన్ను చూశాడు. ఆ అద్దంలోంచి నేనెంత కనిపించానో నాకు తెలియదు.

చిన్నబల్ల నిజంగానే చిన్నది. స్టూలు నా మోకాలి ఎత్తు కూడా లేదు. కూర్చుంటే నా మోకాళ్ళు చెవుల దగ్గరికొచ్చాయి. ఎదురుగా ముందు పళ్ళు రెండూ ఊడిన ఆరేళ్ళ పాప కూర్చుంది. మొదటి ఆటలో నన్ను నాలుగు నిమిషాల్లో చంపేసింది. రెండో ఆటలో మూడు నిమిషాలు పట్టింది. స్టూలు బాగాలేదన్నాను. వెలుతురు చాలడం లేదన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఏవేవో అన్నాను. వరసగా పదకొండు ఆటలు ఓడిపోయాక ఆ పాప నా చేతిమీద చెయ్యి వేసింది.

"ఏడవకండి అంకుల్. నేను కూడా చిన్నప్పుడు ఇలాగే ఓడిపోయేదాన్ని."

ఒప్పందం కుదుర్చుకున్నాం. రోజూ సాయంత్రం ఒక గంట నాకు ఆట నేర్పాలి. బదులుగా తను గీసిన బొమ్మలన్నీ నేను పుస్తకంలా బైండింగ్ చేసివ్వాలి. గురువుగారు మహా కఠినం. "ముక్కలు నాకు కనబడేలా పట్టుకోకండి అంకుల్." "ఆ ఏనుగుని అలా చూస్తూ కూర్చుంటే అది గుడ్డు పెట్టదు అంకుల్." ఒకరోజు నేను ప్రాణాలు తగ్గుతుంటే కంగారుపడి ఉన్న జంతువులన్నిటినీ అడ్డుపెట్టేస్తుంటే విసుక్కుంది. "ప్రాణాలు దాచుకోవడానికి కాదు అంకుల్, ఖర్చుపెట్టడానికి. ఒక్కటి మిగిలితే చాలు." ఆరేళ్ళ పిల్ల చెప్పాల్సిన మాటేనా అది? ఆ పిల్లని కన్నవాళ్ళకి ఓ నమస్కారం.

ఒక్క విషయంలో మాత్రం పిల్లలంతా నా చుట్టూ మూగేవారు. ముక్కలు కలపడంలో. పదహారేళ్ళుగా కాగితాల దస్తాలు విప్పి, గాలి తగలనిచ్చి, బల్ల మీద తట్టి సమం చేసిన చేతులివి. నలభై ముక్కలు నాకో లెక్కా? విసనకర్రలా విప్పి, రెండుగా చీల్చి, మళ్ళీ ఒకటి చేసి తడితే ఒక్క అంచు బయటికి వచ్చేది కాదు. పెద్దబల్ల దగ్గర మా అమ్మాయి కూడా ఓరకంట చూసేది. నేను తలెత్తితే వెంటనే గోడ మీద గడియారం వైపు చూసేది. ఆ గడియారం రెండేళ్ళుగా నడవడం లేదు.

ఈ లోపల షాపులో నా పద్ధతి పూర్తిగా పాడైపోయింది. ఎవరైనా కాగితం ఇచ్చి లామినేషన్ చెయ్యమంటే, "దీంతో మీరేం చేస్తారు?" అని అడగడం మొదలుపెట్టాను. ఒకావిడ డిగ్రీ పట్టా తెచ్చింది. "దీన్ని ఎప్పుడైనా మడవాల్సి వస్తుందా? ఎవరైనా దీని మీద ఏమైనా రాస్తారా? బాగా ఆలోచించుకోండి, ఇది వెనక్కి రాని దారి," అన్నాను. ఆవిడ భయపడి పట్టా గుండెలకి హత్తుకుని వెళ్ళిపోయింది. ఇంకొకాయన వాళ్ళ తాతగారి మరణ ధ్రువీకరణ పత్రం తెచ్చాడు. దానికి మాత్రం నిశ్చింతగా చేశాను, తాతగారి వంతు అయిపోయింది కాబట్టి. మధ్యాహ్నం వేళ మిషన్ వేడెక్కి ఆగిపోతే, "దాడి చేసి అలసిపోయింది, తర్వాతి వంతుకి లేస్తుంది," అని వరసలో ఉన్నవాళ్ళకి చెప్పాను. సగంమంది పక్క వీధి షాపుకి పోయారు.

ఇంట్లో ఇంకా కుప్పలోనే ఉన్నాను. నేను ఆట నేర్చుకుంటున్నానని మా అమ్మాయికి తెలుసు, కానీ తెలిసినట్టు ఉండకూడదు. ఒకరోజు నేను చెప్పుల స్టాండు పక్కన కూర్చుని ముక్కలు పరుచుకుంటుంటే ఆగి చూసింది. "అమ్మా," అంది వంటగది వైపు, "కుంటి కుందేలుని ఎవరైనా కట్టలో పెట్టుకుంటారా? దాని బలం రెండే." "ఏమోనమ్మా, కుప్పకి ఏది దొరికితే అదే," అంది మా ఆవిడ. నేను ఆ కుంటి కుందేలుని తీసెయ్యలేదు. పంతానికి ఉంచుకున్నాను.

ఆదివారం రానే వచ్చింది. పదహారుమంది ఆటగాళ్ళు. పదిహేనుమంది ఎత్తు నా భుజం దాటదు. పెద్దాయన నా పేరు రాసుకోబోతుంటే మా అమ్మాయి చెయ్యెత్తింది.

"జడ్జిగారూ, కుప్పలో ఉన్నవాళ్ళు కప్పు ఎలా ఆడతారు?"

ఆయన ఆలోచించాడు. "ఇంటి కుప్ప వేరమ్మా, షాపు కుప్ప వేరు. మీ ఇంటి తీర్పు నా గుమ్మం దాకానే చెల్లుతుంది." అని బోర్డు మీద నా పేరు దగ్గర 'జిరాక్స్ ఆయన' అని రాశాడు.

మొదటి ఆటలో పన్నెండేళ్ళ కుర్రాడు నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక, తన వంతులు మర్చిపోయి ఓడిపోయాడు. రెండో ఆటలో ఎదురుగా ఉన్న అమ్మాయికి వాళ్ళమ్మ వెనకనుంచి సలహాలు చెప్తూ పోయింది. కాసేపటికి తల్లీకూతుళ్ళిద్దరూ పోట్లాడుకుని, ఆట వదిలేసి ఇంటికెళ్ళిపోయారు. మూడో ఆట మా గురువుగారితో. అది మాత్రం చెమటోడ్చి గెలిచాను. పళ్ళూడిన పాప లేచి నాకు చెయ్యిచ్చి, షాపంతా వినబడేలా "నేనే నేర్పాను!" అంది. ఓడిపోయి కూడా ఆ పేరు తనే కొట్టేసింది.

ఆఖరి ఆటకి బోర్డు మీద రెండే పేర్లు మిగిలాయి. ఒకటి నాది. ఇంకొకటి మా అమ్మాయిది.

అప్పటికి మా ఆవిడ కూడా ల్యాబు కోటుతోనే వచ్చి మిగతా తల్లిదండ్రుల మధ్య నిలబడింది. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆట మొదలయ్యే ముందు ఎవరి కట్టని వాళ్ళు కలుపుకోకూడదు, ఎదుటివాళ్ళే కలిపివ్వాలి. నా కట్ట తను తీసుకుని కలిపింది. తన కట్ట మాత్రం రెండు చేతులతో కప్పేసుకుంది.

"జడ్జిగారూ, నా ముక్కలు మీరు కలపండి. ఆ చేతులకి ఇవ్వను."

నా చేతులు బల్ల కిందికి వెళ్ళిపోయాయి. పెద్దాయన కలిపిచ్చాడు.

నా మనసులో ఒక ఆలోచన ఉంది, దాన్ని దాచను. తను గెలిస్తే మొసలి నేరుగా తనకే వస్తుంది. నేను ఓడిపోతే సరిపోతుంది. ఏ రకంగా చూసినా మొసలి మా ఇంటికే వస్తుంది, పిల్ల నవ్వుతుంది, నేను కుప్పలోంచి లేస్తాను. ఇంత తేలికైన దారి ఉండగా గెలుపెందుకు? అందుకని మెల్లగా ఓడిపోవడం మొదలుపెట్టాను. తన పులి నా మీదికి దూకింది. నా ఏనుగు నిలబడే ఉంది, అడ్డుపెట్టొచ్చు. పెట్టలేదు. నాలుగు ప్రాణాలు పోయాయి, ఆరు మిగిలాయి. అయ్యో అని తల పట్టుకున్నాను కూడా.

తను ముక్కలు బల్ల మీద బోర్లించింది. చెయ్యి పైకెత్తింది.

"జడ్జిగారూ! ఫిర్యాదు."

పెద్దాయన వచ్చాడు. "ఏంటమ్మా?"

"ఈయన ఆడట్లేదు."

"ఆడుతున్నారుగా?"

"లేదు. ఏనుగు నిలబడే ఉంది. పులికి అడ్డుపెట్టలేదు. ఇది ఆట కాదు. ఈయన నాన్నలాగా ఆడుతున్నాడు."

పెద్దాయన భూతద్దం దించుకుని నా ఏనుగుని చూశాడు. ఏనుగు నిలబడే ఉంది. తర్వాత నన్ను చూశాడు. నియమాల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. "నాన్నలాగా ఆడకూడదని ఇందులో ఎక్కడా లేదే," అన్నాడు దిగులుగా.

"ఎదుటివాళ్ళని తక్కువ చెయ్యకూడదని ఉంది!" అని అరిచింది పళ్ళూడిన పాప, వెనకనుంచి స్టూలెక్కి. "మూడో పేజీ!"

మూడో పేజీలో నిజంగానే ఉంది. పెద్దాయన బోర్డు దగ్గరికెళ్ళి నా పేరు పక్కన రాశాడు: 'నాన్నలాగా ఆడినందుకు ఒక హెచ్చరిక.' మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నలభై నాలుగేళ్ళ జీవితంలో ఎన్నో మాటలు పడ్డాను కానీ, ఇలా రాతపూర్వకంగా ఎవరూ ఇవ్వలేదు. నాకు ఒళ్ళు మండింది. కూతురి కోసం ఓడిపోతుంటే తప్పా?

"ఎందుకమ్మా ఇంత రాద్ధాంతం? గెలుస్తున్నది నువ్వేగా!" అన్నాను.

తను నాకు జవాబు చెప్పలేదు. పెద్దాయనకే చెప్పింది. "ఏడాది నుంచీ ఒక్క ఆట ఆడమని అడుగుతున్నా. ఎప్పుడూ పనుందనేవాడు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని కూడా ఆడట్లేదు. నేను ఎలా ఆడతానో ఈయనకి అసలు తెలుసా?"

నా కోపం అక్కడే చచ్చిపోయింది. ఆ పిల్ల ఎలా ఆడుతుందో నాకు నిజంగా తెలియదు. మూడు వారాల్లో ఆరేళ్ళ పిల్ల ఆట చదివాను, ముక్కలు చదివాను, నియమాలు చదివాను. ఎదురుగా ఉన్న మనిషిని చూడలేదు. సిగ్గేసింది. "తప్పయింది," అన్నాను. "ఇక ఆడతాను." ముక్కలు చేతిలోకి తీసుకుని, స్టూలు బల్ల దగ్గరికి జరుపుకున్నాను.

అప్పుడు చూశాను తన ఆట. అబ్బ, ఏం ఆడుతుందండీ! నేను రెండు అడుగుల ముందు ఆలోచిస్తే తను నాలుగు అడుగుల ముందు కూర్చుని ఉంది. పెద్దదాన్ని చూపించి భయపెట్టి చిన్నదానితో కొడుతుంది. నేను తన ఎద్దుని చంపాలని చూస్తుంటే నక్కతో నా తేనెటీగల్ని తినేసింది. ముక్క దింపే ముందు పెదవి కొరుక్కుంటుంది. అబద్ధమాడేటప్పుడు మాత్రం కొరుక్కోదు. ఈ ముక్క తెలియడానికి నాకు పదేళ్ళు, పదిహేను వంతులు పట్టాయి. నేనూ వదల్లేదు. తన పది ప్రాణాల్నీ ఒక్కొక్కటిగా తెంపి రెండుకి దించాను. తల ప్రాణం తోకకొచ్చింది కానీ, అంత సంతోషంగా నేను ఎప్పుడూ కూర్చోలేదు.

చివరికి ఇలా మిగిలాం. నాకు ఆరు ప్రాణాలు, ఏనుగు, కుంటి కుందేలు. తనకి రెండు ప్రాణాలు, పులి, ఎద్దు, నక్క. తన వంతు. పెదవి కొరుక్కుంది. మూడిటినీ ఒకేసారి నా మీదికి వదిలింది. పులి దెబ్బ నాలుగు, ఎద్దుది మూడు, నక్కది రెండు. మొత్తం తొమ్మిది. నేను రెండు జంతువుల్నీ అడ్డుపెడతానని తన లెక్క, ఎవరైనా అదే చేస్తారు. అలా చేస్తే పులి చేతిలో ఏనుగు, నక్క చేతిలో కుందేలు చస్తాయి, నాకు కొట్టడానికి ఏమీ మిగలదు, తర్వాతి వంతుకి నా పని సరి.

నేను ఏనుగుని మాత్రమే పులికి అడ్డుపెట్టాను. అది చచ్చి కుప్పలోకి పోయింది. కుందేలుని కదపలేదు. ఎద్దు మూడు, నక్క రెండు, అయిదు ప్రాణాలు పోయాయి. ఒక్కటి మిగిలింది.

తన జంతువులు మూడూ అడ్డంగా పడుకుని ఉన్నాయి. నా వంతు. కుందేలు నిలబడి ఉంది, దాని బలం రెండు. తన ప్రాణాలు రెండు. అడ్డుపడటానికి ఎవరూ లేరు.

తను బల్ల వైపు చూసింది, తర్వాత నా మొహం వైపు చూసింది. మూడు వారాల్లో అదే మొదటిసారి. తనకి తెలిసిపోయింది. నాకు తెలిసిందని కూడా తెలిసిపోయింది. ఏ కసాయివాడు చేస్తాడీ పని? వద్దని లోపల ఒక తండ్రి గోల పెడుతున్నాడు. బోర్డు మీద హెచ్చరిక కనిపిస్తూనే ఉంది. నేను కుందేలుని పట్టుకుని ముందుకి తోశాను.

పెద్దాయన భూతద్దంతో బల్లంతా పరీక్షించి, "అయిపోయింది," అన్నాడు. "జిరాక్స్ ఆయన గెలిచారు."

మా అమ్మాయి ఏడ్చింది. సన్నగా కాదు, నోరు తెరిచి, కుళాయి విప్పినట్టు. షాపులో ఉన్న తల్లిదండ్రులంతా నన్ను చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. పదేళ్ళ కూతుర్ని కుందేలుతో చంపి ఏడిపించిన మనిషిని నేను. మా ఆవిడ ఒక్కతే కదలకుండా నిలబడి, సూది దింపాక చేసినట్టు, ఆగు అని నాకు చేత్తో సైగ చేసింది.

పెద్దాయన నన్ను అద్దాలబీరువా దగ్గరికి తీసుకెళ్ళి తాళం తీశాడు. పై అరలో గొడుగు పట్టిన మొసలి ఉంది. దాని పక్కనే రెండు తలల తాబేలు ఉంది. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం నా కన్ను తాబేలు మీద పడింది. దాని బలం అయిదు, రెండుసార్లు అడ్డుపడుతుంది, నా కట్టకి అచ్చంగా కుట్టించినట్టు సరిపోతుంది. ఛీ అనుకుని మొసలినే తీసుకున్నాను. తెచ్చి మా అమ్మాయి ముందు పెట్టాను.

తను మొహం తుడుచుకుని మొసలిని చూసింది. ముట్టుకోలేదు.

"నాకెందుకు? గెలిచింది నువ్వు."

నువ్వు అంది. వాళ్ళమ్మతో కాదు, జడ్జిగారితో కాదు. నాతోనే.

"నీకోసమే కదే గెలిచింది!"

"ఇస్తే తీసుకోను." ఎక్కిళ్ళు పెడుతూనే చెప్పింది. "నీ దగ్గరే పెట్టుకో. నీ కట్టలో పెట్టుకుని ఆడు. నేను గెలుచుకుంటా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇంకో ఆట."

"షాపు మూసే వేళయిందమ్మా," అన్నాడు పెద్దాయన, ఆగిపోయిన గడియారం వైపు చూస్తూ. ఎవరూ వినిపించుకోలేదు. పళ్ళూడిన పాప స్టూలు లాక్కుని మా బల్ల పక్కనే వేసుకుంది.

మా అమ్మాయి బల్ల మీద చెల్లాచెదరుగా ఉన్న తన ముక్కలన్నీ దగ్గరికి లాగింది. పులి, ఎద్దు, నక్క, కుప్పలో చచ్చినవి, చేతిలో మిగిలినవి, అన్నీ కలిపి ఒక కట్టగా పేర్చింది. ముక్కు ఎగబీల్చి, ఆ కట్టని రెండు చేతులతో నావైపు తోసింది.

"కలుపు నాన్నా," అంది.

నేను చేతులు ప్యాంటుకి తుడుచుకుని కట్ట అందుకున్నాను.